జెముడు సారు విచారణ

నంద్యాల బస్టాండులో నిలబడి సోడా తాగుతున్నాను. ఎప్పుడో నా దగ్గర ఐదో తరగతి చదివినవాడు, ఇప్పుడు మీసాలొచ్చి కండక్టరయ్యాడు, దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. "మేడమ్, మీ పాత ఇంటి ఓనరు పోయినాడంట. జెముడు సారు," అన్నాడు. నేను సోడా పూర్తిగా తాగి, సీసా బంకు అతనికి ఇచ్చేసి, "ఎవరు నీళ్లు పోసినారంట?" అని అడిగాను. పాపం, వాడు బిత్తరపోయాడు. మేడమ్‌కు ఎండదెబ్బ తగిలిందనుకుని ఉంటాడు.

ఏ మొక్క చచ్చినా ఆ మనిషి అడిగే మొదటి ప్రశ్న అది. జబ్బేమిటి, ఎప్పటినుంచి ఉంది అని మామూలు డాక్టర్లు అడుగుతారు. ఈయన నేరుగా నేరస్థుణ్ని అడిగేవాడు. నీళ్లు పోసిన చెయ్యి ఎవరిదో తేలితే తప్ప మొక్క మొహం చూసేవాడు కాదు.

ఆళ్లగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నాకు దుఃఖం వచ్చింది. వచ్చినందుకు ఒళ్లు మండింది. ఆయన కోసం నంద్యాలలో ఎవరైనా ఏడుస్తున్నారంటే వాళ్లు ఆయనకు బాగా దూరంగా బతికినవాళ్లయి ఉండాలి. నేను గోడకు ఇవతల ఏళ్లతరబడి అద్దెకున్నదాన్ని. ఆయన నోట ఒక్క మంచి మాట వినలేదు. పైగా ఈ కబురు తీసుకెళ్లి ఆళ్లగడ్డలో మా అమ్మకు చెప్పాలి. చచ్చి కూడా నాకొక పని పెట్టాడు.

డెబ్బయిల్లో, బడికి దగ్గరని, ఆయన ఇంట్లో ఒక గది, వంటకు చిన్న చావడి అద్దెకు తీసుకున్నాను. ఆయన కాలేజీలో బాటనీ డిమాన్‌స్ట్రేటరు. లెక్చరరు కాదు. లెక్చరరు పాఠం చెప్తుంటే పక్కన నిలబడి కాండాలు పలచగా కోసి గాజుపలకల మీద పరిచే ఉద్యోగం. అందులోనే చేరాడు, అందులోనే ఆగాడు. ఊళ్లో ఎవరైనా "లెక్చరరు గారూ" అని పిలిస్తే మాత్రం దిద్దేవాడు కాదు. ప్రపంచంలో ప్రతివాడి తప్పునూ దిద్దే మనిషికి ఆ ఒక్క తప్పు దగ్గర ఓపిక ఉండేది. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ దేనిమీదికో వంగి చూస్తున్నట్టు ఉండేవాడు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట చీపురుపుల్ల ఉండేది.

ఆ పుల్లే ఆయన వైద్యానికి మొదటి పనిముట్టు. కుండీలో అడుగుదాకా గుచ్చి, కాసేపుంచి, బయటికి తీసి చూసేవాడు. పుల్లకు మట్టి అంటుకుంటే ఆ ఇంటివాళ్లకు ఆ పూట మర్యాద లేదు. తర్వాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. వాసన చూస్తూ ఎదుటి మనిషి వంక చూసేవాడు, కుళ్లింది కుండీలో కాదు మనలో అన్నట్టు.

వసారా నిండా జెముళ్లే. గుండ్రటివి, పలకలు పలకలుగా ఉండేవి, తెల్లటి నూగుతో ముసలివాళ్లలా ఉండేవి. ఊరు నవ్వేది. నవ్వడంలో తప్పేం లేదు. మా దిక్కున జెముడంటే చేనిగట్టున మేకలకు అడ్డం పడేది, నరికి కంపతోపాటు పారేసేది. అలాంటిదాన్ని ఒక పెద్దమనిషి కుండీలో పెట్టి, పొద్దున ఎండకు జరిపి, మధ్యాహ్నం నీడకు జరిపి, గడ్డం గీసుకునే బ్రష్షుతో దాని ఒంటిమీద దుమ్ము దులుపుతుంటే ఎవరు నవ్వరు? పాలు పోసే అతను ఒకసారి, "సారూ, మా చేని కాడ ఇట్లాటివి బండికెత్తేన్ని ఉండాయి, తెచ్చేదా?" అన్నాడు.

"అవి బాగుండాయా?"

"భేషుగ్గా ఉండాయి సార్."

"అయితే వాటికి నాతో ఏం పని? నీకు నాతో ఏం పని? పాలు పోసి పో."

ఆయన ఖర్మో, జెముళ్ల ఖర్మో, అప్పుడే ఆఫీసర్ల ఇళ్లలో ఒక పిచ్చి మొదలైంది. బెంగళూరు పోయిన ప్రతివాళ్లూ అరచేతిలో పట్టే కాక్టస్ ఒకటి కొనుక్కురావడం, రేడియో పక్కన అల్లిక గుడ్డ పరిచి దానిమీద పెట్టడం. కిటికీకి దూరంగా, పరదా వెనక, మనుషులకే గాలాడని చోట. కొన్నాళ్లకు అది వాలిపోయేది. ఆదివారం చర్చి నుంచి నేను తిరిగొచ్చే వేళకు ఆయన వసారాలో ఇద్దరు ముగ్గురు కుండీలు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు కోసం కూర్చున్న తల్లుల్లా ఎదురుచూస్తుండేవాళ్లు. తిట్టించుకోవడానికి అంతదూరం వచ్చేవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకావిడ, పెద్ద అధికారి భార్య, నిగనిగలాడే జెముణ్ని తెచ్చింది. ఆయన వేలితో తాకి, వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఏం రాసినావమ్మా దీనికి?"

"కొబ్బరినూనె సార్. మెరుస్తుందని."

"తలకు రాసుకో. దీనికి ఊపిరాడ్డంల్యా."

ఇంకొకాయన, కలప డిపో యజమాని, సన్నగా పాలిపోయి మూరెడు పొడుగు సాగినదాన్ని గర్వంగా పట్టుకొచ్చాడు. మా ఇంట్లో ఎట్ల పెరిగిందో చూడండి సార్ అని. "పెరగల్యా. వెలుతురు యాడుందా అని పాకుతాంది," అన్నాడు ఈయన. "బాయిలో పడినోడు చేతులు పైకి చాపితే పొడుగైనాడంటావా?" సరే అని ఆ డిపో ఆయన ఆ మధ్యాహ్నమే దాన్ని తీసుకుపోయి మిద్దెమీద పెట్టాడు. నంద్యాల ఎండ. మళ్లీ ఆదివారం ఒక పక్కంతా తెల్లగా కాలిన మచ్చపడిన జెముడుతో వచ్చాడు. చీకటింట్లో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలో పడేస్తే తోలు కాలిపోతుందని, రోజుకింత రోజుకింత అలవాటు చెయ్యాలని ఈయన అప్పుడు చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదా అని అతను అడిగితే, "నువ్వు అడగల్యా," అన్నాడు.

అదీ వరస. ఎదుటివాడు తప్పు చేసేదాకా నోరు మెదపడు, చేశాక మూయడు.

గోడకు ఇవతల కూర్చుని ఏళ్లపాటు విన్నాను కాబట్టి నాకూ కాస్త వైద్యం వంటబట్టింది. అడుగున పసుపుపచ్చబడి, నొక్కితే మెత్తగా దిగితే నీళ్లెక్కువ. ముడతలు పడి గట్టిగా ఉంటే దప్పిక. ముడతలు పడి, మట్టి మాత్రం తడిగా ఉంటే అన్నిటికన్నా చెడ్డది. వేర్లు కుళ్లిపోయాయి, నీళ్లలో నిలబడి దప్పికతో చస్తోందని అర్థం. మొదలు దగ్గర బెరడులా గోధుమరంగు తిరిగితే మాత్రం జబ్బు కాదు, వయసు. పలకల సందుల్లో తెల్లని దూదిలా పట్టేది పిండినల్లి, దాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతులో తిట్టు ఉండేది కాదు, అది ఒప్పుకోవాలి. మొక్కతో మాట్లాడే గొంతు వేరు. అది విని నాకు ఇంకా కోపం వచ్చేది, ఆ గొంతు ఈయన దగ్గర ఉండి కూడా మనుషులకు వాడడం లేదని.

ఆయన చేతిలో చచ్చినవి లేవా అంటే ఉన్నాయి. నీళ్లంటే ఆయనకున్న పగ అలాంటిది. ఎండాకాలంలో కూడా పుల్ల గుచ్చి, "ఇంగా తేమ ఉండాది" అంటూ వాయిదా వేసి, బంతిలాంటిదాన్ని ఎండిన నిమ్మకాయ చెయ్యడం నేను కళ్లారా చూశాను. వాటి గురించి విచారణ ఉండేది కాదు. నీళ్లు పోసి చంపితే హత్య, పోయకుండా చంపితే ఆయుష్షు తీరింది. ఆ కోర్టులో జడ్జీ ఆయనే, ప్లీడరూ ఆయనే.

నీళ్ల మీద ఆ పగ ఎలా మొదలైందో ఆయన భార్య నాకు చెప్పింది. ఇంట్లోకి వచ్చే మెట్టు పక్కన, ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన జెముడు ఒకటుండేది. ఒక ఎండాకాలం అది అడుగునుంచి మెత్తబడి ఒక పొద్దున ఒరిగిపోయింది. ఈయన ఇంట్లో అందర్నీ నిలబెట్టి అడిగాడు. ఎవరూ పొయ్యలేదు. ప్రమాణం చేసి చెప్పారు, నిజంగానే ఎవరూ పొయ్యలేదు. ఆయన అదే చోట ఇంకో జెముణ్ని ఉంచి, సెలవు పెట్టి కిటికీ వెనక కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆమె చెంబెడు నీళ్లిచ్చేది. వాళ్లు సగం తాగేవాళ్లు. మిగిలిన సగం పారబొయ్యడానికి మా సీమలో ఎవరికి చెయ్యొస్తుంది? పొయ్యేటప్పుడు మెట్టు దిగుతూ, పచ్చగా ఉన్న ప్రాణి కదా, దానికీ ఇంత అని మొదలు దగ్గర పోసి, ఖాళీ చెంబు గట్టుమీద బోర్లించి పోయేవాళ్లు. పోస్టుమాను పోశాడు, పాలతను పోశాడు, బియ్యం మర ఆయన పోశాడు, ఇంటికొచ్చిన చుట్టాలూ పోశారు. ఇంతమంది ధర్మాత్ముల మధ్య అది ఎట్లా బతుకుతుంది?

ఆ మర్నాడు ఆయన కాలేజీ లాబులోంచి గీతలున్న చిన్న గాజుగ్లాసులు తెచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంటికెవరొచ్చినా ఆ గీతల గ్లాసులో, ఒక గుక్కకు సరిపడా నీళ్లు. మిగలడానికి వీల్లేకుండా. మా దగ్గర గడపలోకొచ్చిన మనిషికి చెంబు నిండా నీళ్లివ్వకపోతే తిట్టినట్టే. ఈయన నీళ్లు కొలిచి ఇస్తాడని పేరు మోగిపోయింది. భార్య సిగ్గుతో సగమైపోయింది. వెనక తలుపు దగ్గర మాత్రం రహస్యంగా చెంబుతో ఇచ్చేది. "ఆయనకు చెట్టు అడగదని దయ. మనిషి అడుగుతాడని కోపం," అనేది ఆమె. భర్తను అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

ఇక మా అమ్మ సంగతి. ఆళ్లగడ్డలో చిన్న మట్టిమిద్దెలో ఒక్కతే ఉండేది. మా నాయన మా చిన్నప్పుడే పోయాడు. కూలికిపోయి నన్నూ తమ్ముణ్నీ చదివించింది. నేను టీచరునయ్యాను, తమ్ముడు పటాలంలో చేరాడు. వాణ్ని రాజస్థాన్‌లో వేశారు. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు పాలపొడి డబ్బాలో నాటిన జెముణ్ని ఒళ్లో పెట్టుకుని అన్ని రైళ్లూ మారి తెచ్చాడు. క్యాంపులో తోటమాలి ఇచ్చాడట. మిద్దెకు మధ్యలో వెలుతురు పడే గవాక్షి కింద దాన్ని పెట్టి, "అమ్మా, దీనికి ఏమీ అక్కర్లేదు. నీ మాదిరే," అని నవ్వించాడు.

తిరిగి వెళ్లిన కొన్నాళ్లకు వాళ్ల బండి ఇసుకలో బోల్తాపడిందని తంతి వచ్చింది. అక్కడే పూడ్చారు. తర్వాత వాడి పెట్టె ఒక్కటి వచ్చింది.

అమ్మ ఏడవలేదు. పలకడమే తగ్గించేసింది. వీధి వీధంతా మంచివాళ్లు. అమ్మ దగ్గర వాడి పేరెత్తకుండా చూసుకున్నారు. ఎవరైనా పొరపాటున పటాలం అంటే పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవాళ్లు. పాస్టరు గారు ప్రార్థన చేసి, వాడు ప్రభువు దగ్గర సుఖంగా ఉన్నాడని చెప్పి, వెంటనే వానల గురించి మాట్లాడేవాడు. నేనూ అంతే. వెళ్లినప్పుడల్లా బడి కబుర్లు చెప్పి వచ్చేదాన్ని. అంత మంచితనం మధ్య రెండేళ్లు గడిచాయి.

ఒకసారి సెలవులకు వెళ్లేసరికి జెముడు పక్కకు ఒరిగి ఉంది. పలకలు లోపలికి పీక్కుపోయాయి. అడుగున పసుపుపచ్చ. అమ్మ దానికి దప్పికైందని ఇంకా ఎక్కువ పోస్తోంది. అమ్మ గ్లాసుతో నీళ్లు తాగితే సగం తాగి సగం దానికి పొయ్యడం నేను చాన్నాళ్లుగా చూస్తూనే ఉన్నాను. మా ఊళ్లో ఎవరు చూసినా అందులో వింతేం లేదు. ఇప్పుడు మాత్రం నాకు భయమేసింది. అది చస్తే అమ్మ బతకదని నాకనిపించింది. ఇంకో మాటలో చెప్పడం నాకు చేతకాదు.

డబ్బా నంద్యాలకు తెస్తానంటే అమ్మ గడప దాటనివ్వలేదు. గత్యంతరం లేక ఆయన దగ్గర నిలబడ్డాను.

"రోగి రావాల. డాక్టరు పోతాడా?" అన్నాడు తలెత్తకుండా.

"పైన ముడతలు పడింది సార్. అడుగున పసుపుపచ్చ తిరిగింది. నీళ్లు మాత్రం రోజూ..."

ఆయన తలెత్తాడు. "రోజూ?"

"రోజుకు చానాసార్లు."

"ఎవరు?"

"మా అమ్మ."

లేచి లోపలికి పోయి సంచి తెచ్చుకున్నాడు. దొంగను పట్టుకోవడానికి పోలీసులు కూడా అంత వేగంగా బయల్దేరరు. బస్సు సిరివెళ్ల దాటాక నేను, "సార్, మా అమ్మతో కొంచెం నెమ్మదిగా మాట్లాడండి. మా తమ్ముడు..." అన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందే చెప్పొద్దు. చెట్టును చూసినాక నేనే అడుగుతా."

మిగతా దారంతా నేను ఆయన్ని పిలిచినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఇంట్లోకి వస్తూనే అమ్మకు నమస్కారం లేదు, బాగుండావా అని లేదు. నేరుగా గవాక్షి కింద గొంతుక్కూచుని పుల్ల గుచ్చాడు. డబ్బా అడుగు చూశాడు. ఒక్క చిల్లు కూడా లేదు. పుల్ల తీసి వాసన చూశాడు. బొటనవేలితో అడుగున నొక్కాడు. వేలు దిగింది. అప్పుడు అమ్మ వైపు తిరిగాడు.

"ఎవరు పోసేది?"

"నేనే సారూ."

"ఎప్పుడెప్పుడు?"

"నేను తాగినప్పుడంతా. సగం నాకు, సగం దానికి."

"ఎవరన్నా పొయ్యమన్యారా?"

"ఎవరూ అన్ల్యా."

"మరి ఎందుకు పోస్తాండావు?"

నేను అడ్డం వచ్చాను. "సార్, పోనీండి. చెట్టు సంగతి చూడండి."

"నువ్వుండమ్మా. కారణం తెలీకుండా మందెట్ల ఏసేది?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "నా కొడుకు తెచ్చినాడు నాయనా దాన్ని. వాడు నీళ్లు లేని తావున పోయినాడు."

"ఎట్ల పోయినాడు?"

ఆయనకు ఇద్దామని తెచ్చిన నీళ్లచెంబు నా చేతిలో ఉంది. దాంతో ఆయన నెత్తిమీద కొట్టాలనిపించింది. రెండేళ్లుగా ఊరంతా కలిసి కప్పిపెట్టినదాన్ని, చెప్పులు కూడా పూర్తిగా విడవని మనిషి ఒక్క మాటతో లాగి బయట పడేశాడు. అడిగి ఊరుకున్నాడా అంటే లేదు, పుల్ల చేతిలో పట్టుకుని జవాబు కోసం కూర్చున్నాడు.

అమ్మ చెప్పింది. నిలబడినదల్లా కూర్చుని చెప్పింది. బండి ఇసుకలో దారి తప్పిందని, బోల్తా పడిందని, ముగ్గురు కింద పడ్డారని. "ఇద్దరు ఆడికాడే పోయినారంట. ఒకడు సాయంత్రందాక ఉండెనంట. మనుషులు పోయేసరికి వాడూ లేడు. ఆ ఒకడు ఎవురో నాకు చెప్పల్యా. వాడే అయింటే? పొద్దుమూకులు ఎండలో పడింటే దప్పిక కాదా?"

ఈ సంగతి నాకు తెలియదు. పెట్టె తెచ్చిన సిపాయి అమ్మకు చెప్పాడట. అమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మేమెవరం అడిగాం గనుక?

"వానికి ఎవరన్నా ఇన్ని నీళ్లు పోసినారో లేదో నాయనా," అంది అమ్మ.

పోసే ఉంటారమ్మా అని నేను నోరు తెరిచాను. వాడికి అసలు తెలిసి ఉండదు, నిద్రలోలాగా పోయి ఉంటాడు, ఆ సాయంత్రందాకా ఉన్నది వేరేవాడు. నా నోట్లో ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ వీధిలో ఎవరిని నిలబెట్టినా ఇవే చెప్తారు.

"తెలీదమ్మా," అన్నాడు ఆయన. "నాకు తెలీదు. నీకు తెలీదు. ఇంగ తెలిసేది గూడా లేదు."

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. "లేదు గదా?"

"లేదు."

అప్పుడు అమ్మ ఏడ్చింది. తంతి వచ్చిననాడు ఏడవని మనిషి, పక్కింటివాళ్లు గోడమీంచి తొంగిచూసేంతగా ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. తల తిప్పుకోలేదు. నేలమీద గొంతుక్కూచుని, ఆ పుల్ల పట్టుకుని, వానలో తాటాకు కింద నిలబడ్డ మనిషిలా వెలిసేదాకా ఉన్నాడు. వెలిశాక, "ఇంగ చెట్టు చూద్దామా?" అన్నాడు.

ఇంత రాతిమనిషిని నేను చూడలేదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడూ ఆ మాట వెనక్కి తీసుకోను.

అడుగు పూర్తిగా పోయిందని, పైభాగం కోసి వేరే నాటితే బతకొచ్చని, కొయ్యకపోతే నాలుగు రోజుల్లో పైదాకా కుళ్లుతుందని చెప్పాడు. అమ్మే తుండుగుడ్డ మడిచి జెముడు పట్టుకుంది. ఆయన కత్తిని స్పిరిట్‌తో తుడిచి కింద ఒక బిళ్ల కోశాడు. దాన్ని అమ్మ ముందు పెట్టాడు. "నడుమ ఎర్రగా ఉండాది, చూడు. కుళ్లు." ఇంకో బిళ్ల కోశాడు. "ఇంగా ఉండాది." ఇంకోటి. ఆ ఎరుపు చిన్నదవుతోంది గానీ పోవడం లేదు. మూరెడుండేది జానెడైంది. ఈ మనిషి కోసుకుంటూ పోతే కొసకు ముల్లు తప్ప ఏం మిగులుతుంది? ఆపండి అనబోయాను. అమ్మ నా వైపు చూడకుండానే, "కోయనీ," అంది. "కొంచెం ఉన్నా మళ్లా పైకొస్తాది."

చివరికి తెల్లగా, తడిగా, మచ్చలేని బిళ్ల వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి ఊపిరి వదిలాడు. మిగిలింది పిడికెడు. ఆ పిడికెడు తర్వాత వేరేసింది, పెరిగింది, ఆ ఘనత అంతా తనదేనని నంద్యాలలో చెప్పుకు తిరిగాడు. ఆ రోజు మాత్రం కోతకు గంధకం పొడి అద్ది, చేటలో పడుకోబెట్టి నీడకు జరిపాడు. గాయం ఎండి పెచ్చు కట్టాకే ఇసుకలో నాటాలన్నాడు. డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచాడు.

"నీళ్లు?" అంది అమ్మ.

"వేర్లొచ్చేదాక చుక్క పడగూడదు."

"అందాక నేనేం చెయ్యాల?"

ఆయన అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. పాపమని కాదు. మణికట్టు పైన తోలు రెండు వేళ్లతో పట్టి పైకి లాగి వదిలాడు. అది లాగినచోటే నిలబడిపోయింది.

"అది నీళ్లెక్కువై వాడింది. నువ్వు నీళ్లు లేక వాడినావు. ఆ సగం గూడా నువ్వే తాగు."

అన్నం తినిపొమ్మంటే బస్సు పోతుందన్నాడు. ఆ కుళ్లిన బిళ్లలన్నీ ఏరి న్యూస్‌పేపరులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఏమిటని అడిగితే, కాలేజీ పిల్లలకు చూపిస్తాడట, ఇంత చక్కగా ముదిరిన కుళ్లు దొరకదట. మా తమ్ముడు అన్ని రైళ్లు మారి తెచ్చినదాన్ని పొట్లం కట్టుకుని, వస్తానని కూడా అనకుండా, ఆ వంగిన నడకతో వీధి చివరిదాకా పోయాడు.

నేను తలుపు దగ్గరే నిలబడి చాలాసేపు తిట్టాను. చదువుకున్న పశువన్నాను. బడిలో పిల్లలు విన్నారంటే ఉద్యోగం పోయే మాటలన్నాను. ఇలాంటివాణ్ని ఇంట్లోకి తెచ్చినందుకు నన్ను క్షమించమని అమ్మను అడిగాను. అమ్మ చేట పక్కన కూర్చుని గ్లాసు నిండా నీళ్లు తాగుతోంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది గానీ గొంతు తేటగా ఉంది.

"ఆ మనిషి మంచోడు గాదు," అంది.

"కాదమ్మా. ఇంకెప్పుడూ పిలవను."

"మళ్లా ఎప్పుడొస్తాడో కనుక్కో. చిన్నోని గురించి ఆయన అడగాల్సింది ఇంగా చానా ఉండాది."